ఎర్రాముదం ఆకు

సీసా బొటనవేలంత.
దాని మీద ఎర్రటి ఆకు బొమ్మ,
అచ్చం మా వంక గట్టున ఎర్రాముదం ఆకే.
"ఆముదం కాదు గదా తల్లీ?" అని అడిగితే
దలాల్ పకపకా నవ్వింది.
కెనడాలో రెండేండ్లు చదివి
పోయిన బుధవారమే సాల్మియాకొచ్చింది ఆ పిల్ల.
అక్కడ ఒక చెట్టుందంట,
మంచు కరిగే నెలలో దాని ఒంటికి తూటు పొడిస్తే
ఈత కల్లు మాదిరి చుక్కచుక్కా కారుతుందంట,
కాచి కాచి పాకం పడతారంట.
ఇది ఆ పాకం గూడా కాదు,
పాకం వాసన ఒక్కటే సీసాకు పట్టినారు.
వాసనకే మూడు దీనార్లు.

దాంతో స్కోన్లు చెయ్యాల.
ఫోనులో తెల్లామె ఒకటే చెబుతా ఉంది,
పిండి పిసకొద్దు, పిసకొద్దు అని.
నాకు బుద్ధెరిగినప్పట్నించీ
పిసికేకొద్దీ సాగుతుందనే మా అమ్మ చేతులే తెలుసు.
ఓలిగల పిండికి రోట్లో పోట్లేసిన దాన్ని.
ఇక్కడేమో చల్లటి వెన్నను
మైదాలో వేళ్ల కొసలతో మాత్రం నలపాల.
అరచెయ్యి తగలకూడదు,
అరచేతిలో వేడి ఉంటుందంట.

ఆగస్టు నెల.
చల్లనీళ్ల కొళాయి తిప్పినా
మిద్దె మీద ట్యాంకులోంచి కాగిన నీళ్లే.
ఏసీ వంటింటి దాకా రాదు, హాల్లోనే నిలబడిపోతుంది.
వెన్న బయట పెట్టిన పది నిమిషాలకు నెయ్యి.
గిన్నెతో సహా ఫ్రీజర్లో పెట్టినా,
మైదా పెట్టినా,
ఎవరూ చూడకుండా నా రెండు చేతులూ పెట్టినా,
చేపల పొట్లాల నడుమ,
వేళ్లు తిమ్మిరెక్కే దాకా.
ఇరవై రెండేండ్లకు ఈ ఊళ్లో
నాకు చలేసింది ఆ పొద్దే.

నలిపితే రవ్వ రవ్వగా వచ్చింది,
బియ్యపు నూకల మాదిరి.
సీసా మూత తిప్పినా.

ఎట్ల చెప్పేది,
మంచు దేశమూ రాలేదు, చెట్టూ రాలేదు.
మెంతులు.
నేతిలో దోరగా వేగి, బెల్లప్పాకంలో పడిన మెంతులు.
మా దస్తగిరి పుట్టిన మూడో దినం
పాలు పడాలని అమ్మ దంచి పెట్టిన ఉండ.
బాలింతగా ఉన్న ఆ నెలంతా
నా రైక, నా దిండు, వాడి మాడు,
అన్నిట్లో ఇదే.
మూత పెట్టేసినా.
కాసేపుండి మళ్లీ తీసినా.

సీసాలో ఉండేది అర చెంచాడు. చాలదు.
పెద్దావిడ మోకాళ్ల నొప్పులకని
రోజూ నేను కాచే హిల్బా డబ్బా చేతికందేంత దూరంలోనే ఉంది.
చిటికెడు వేయించి పొడి కొట్టి
ఖర్జూరపు పాకంలో కలిపి పోసినా.
ఎవరికీ చెప్పలా.
మీరూ చెప్పొద్దండి.

ముక్కోణాలుగా కోసి, పైన పాలు పూసి,
ఓవెన్ అద్దం ముందర కూచున్నా
పద్దెనిమిది నిమిషాలు.
ఒకటి పక్కకు ఒరిగింది.
ఒకదానికి అడుగు మాడింది.

దలాల్ ఒకటి విరిచి కండ్లు మూసుకుంది.
"ఒట్టావా," అనింది.
"మా హాస్టలు కింద అంగడి. పొద్దున ఏడు. మంచు."
చక్రాల కుర్చీలోంచి పెద్దావిడ ముక్కెగబీల్చి
"హిల్బా," అనింది.
"మందును తీపిలో పెట్టి ఇస్తారా నాకు?"
కాదు యమ్మా, మేపుల్, అంటుంది మనవరాలు.
హిల్బా, అంటుంది ముసలామె.
మేపుల్.
హిల్బా.
నేను టీ పోస్తా ఉండా.
నా మాట ఎవరూ అడగలా.

మాడింది నాకిచ్చినారు.
మిద్దె పైన ఆరేసిన దుప్పట్ల మధ్యన నిలబడి తిన్నా.
ఎందుకో గానీ
ఆ మాడిన అడుగే బాగుండింది.

తెల్లారి ఇల్లు తుడుస్తా ఉంటే చెమట పట్టింది.
మెంతులు తిన్నోళ్ల చెమట సంగతి తెలిసిందే గదా,
ఒకటిన్నర దినం వదలదు.
నడవాలో పోతా పోతా దలాల్ నిలబడిపోయి
అటూ ఇటూ గాలి పీల్చింది.
"మళ్లీ చేస్తా ఉండావా?"
"లేదమ్మా," అన్నా,
పొరక ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుని.